అర కొడవలి

సోయా కోతలో ఆఖరి మడిలో ఉన్నాం. మా వదిన కాలింద అంగన్‌వాడీకి తాళం వేసి నేరుగా పొలానికే వచ్చింది. వచ్చి, కోసిన కుప్ప మీద కొంగు పరుచుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. అంగన్‌వాడీలో ఆమె ఆయా. మా ఇంటి మొత్తానికి ఇంటర్వ్యూ అనేదానికి వెళ్లి, గెలిచి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

"ఆఁ, ఎవరున్నరు బయట? లోపటికి రమ్మను," అంది గొంతు మార్చి.

నా భార్య ప్రయాగ వంచిన నడుం ఎత్తలేదు. కోస్తూనే ఉంది.

"ఏయ్ పోరీ, నిన్నే. నేనిప్పుడు పెద్దాఫీసర్ను. ఆ కొడవలి కింద వెట్టి ఇట్రా. నీ పేరేంది?"

ప్రయాగ లేచింది. మొహం తుడుచుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

"భానుదాస్ కొడవలి," అంది.

కాలింద కుప్ప మీద నుంచి జారిపోయేంతగా నవ్వింది. "నీ పేరడిగితే మా మరిది పేరు జెప్తవేందే! నౌకరి నీకా, ఆయనకా?"

ఏం తప్పు చెప్పిందో ప్రయాగకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నాకైతే తప్పనిపించనే లేదు. మా వైపు నుంచి చెరకు కోతకు పోయేవాళ్లను మనుషుల లెక్కన చూడరు, కొడవళ్ల లెక్కన చూస్తారు. మొగుడూ పెళ్లాం కలిస్తే ఒక నిండు కొడవలి. మగవాడు గడ నరుకుతాడు, ఆడది ఆకు ఒలిచి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని లారీకి ఎక్కిస్తుంది. దసరా దాటాక కింది దేశం చక్కెర ఫ్యాక్టరీల దగ్గరికి పోతాం, ఎండలు ముదిరాక తిరిగి వస్తాం. అక్కడ తూకం గుమాస్తా గానీ, ట్యాంకరు నీళ్లవాడు గానీ, ఎవరడిగినా "ఎవరి కొడవలి?" అనే అడుగుతారు. జవాబుగా మగవాడి పేరు చెప్పాలి. పెళ్లయిన ఏటి నుంచీ ప్రయాగ చెప్తున్న జవాబు అదే. నీ పేరేంటని ఆమెను అడిగేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు.

ప్రయాగ అర్జీ పెట్టుకున్న ఈ ఉద్యోగం పెద్దూరి బడిలో పడింది. కోతకు పోయే తల్లిదండ్రులు పిల్లల్ని ఆ బడిలో వదిలిపోతారు. సీజన్ అంతా తిండీ పడకా అక్కడే. నిరుడు మా పిల్లలిద్దర్నీ మేమూ అక్కడే వదిలాం. ఆ పిల్లలకు వండిపెట్టి, రాత్రి వాళ్ల దగ్గర పడుకునే ఆడమనిషి కావాలి. కోతకు పోయే ఇంటిదై ఉండాలి, ఏడో తరగతి చదివి ఉండాలి. ప్రయాగ ఏడు చదివింది. నేను నాలుగు.

నిరుడు కోతల్లో, నెత్తిన మోపుతో లారీకి ఆనించిన చెక్క ఎక్కుతుంటే ఆమె కాలు జారింది. నడుం మీద పడింది. ఒకటి రెండు రోజులు పడుకుని మళ్లీ పనిలోకి దిగింది. దిగక తప్పదు, ఒకరు ఆగితే ఇద్దరూ ఆగినట్టే. కానీ అప్పటి నుంచి ఆ నడుం మునుపటిలా లేదు. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. డాక్టర్లు ఆ మాట తేలిగ్గా అంటారు. ఊరికే ఇంట్లో ఉంటానంటే ముకద్దం ఒప్పుకోడు. మా అందర్నీ కూడగట్టి లారీ ఎక్కించే మనిషి ముకద్దం. మా ముకద్దం పేరు ఆశ్రుబా. ఉద్యోగం వచ్చిందంటే మాత్రం ఎవరూ ఏమీ అనలేరు. రాకపోతే ప్రయాగ మళ్లీ ఆ చెక్క ఎక్కాల్సిందే. ఆ సంగతి ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. దాని గురించి మేం మాట్లాడుకోలేదు.

ఆ రోజు నుంచి పొలం పని కాగానే ప్రయాగ అంగన్‌వాడీకి పోయేది. పొద్దంతా వంగి ఉన్న మనిషి అక్కడికి పోయి నిటారుగా కూర్చోవడం నేర్చుకోవాలి. అక్కడ ఒకటే పెద్ద కుర్చీ ఉంది, దానికి ఒక చెయ్యి విరిగింది. మొదటి రోజు ప్రయాగ లోపలికి వెళ్లి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది.

"ఆడనెందుకు కూసున్నవే? కుర్చి మీద కూసో," అంది కాలింద.

"ఇక్కడనే మంచిగున్నది అక్కా."

"నీకు మంచిగుంటది. ఆఫీసర్ నీ నెత్తి చూసుకుంట మాట్లాడాల్నా? లే."

ప్రయాగ కుర్చీ అంచున కూర్చుంది, వచ్చే స్టాపులో దిగిపోయే మనిషి బస్సులో కూర్చున్నట్టు.

"పేరు?"

ప్రయాగ నా వైపు చూసింది.

"మరిదీ, నువ్వు బయటికి నడువ్," అంది కాలింద. "నువ్వీడ ఉంటె ఇది పేరు గూడ నిన్నడిగే చెప్పెటట్టున్నది."

నేను బయట అరుగు మీద కూర్చుని, లారీ మీద సామాను కట్టడానికి తాడు పేనుకుంటూ విన్నాను. ఒకే ప్రశ్న పదే పదే. పేరు? భాను... ప్రయాగ. పేరు? ప్రయాగ. మొత్తం పేరు? ప్రయాగా భానుదాస్ ఢాకణే. నేనెప్పుడూ ఆ పేరు ఆమె నోట వినలేదు. రేషన్ కార్డులో మాత్రం చూశాను.

"ఈ పని నీకెందుకు కావాలె?"

"నడుం నొస్తున్నది."

"అయ్యో నా తల్లీ! నడుం ముచ్చట ఎత్తకు. నడుం నొచ్చేది గిన్నెలేం దించుతది అంటరు. పిల్లలంటే నాకు పాణం అని చెప్పు."

"పిల్లలంటే నాకు పాణం."

"అట్ల గాదు, నవ్వుకుంట చెప్పు."

ప్రయాగ అదే మాట సాగదీసి మళ్లీ అంది.

"వద్దు తియ్," అంది కాలింద. "ఆ నవ్వు చూస్తె నాకే ఏడుపొస్తున్నది. నవ్వకుంటనే చెప్పు."

ఒకరోజు లోపల మాటలు ఆగిపోయాయి. తాడు పక్కన పెట్టి తొంగిచూశాను. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ప్రయాగ నిద్రపోయింది. కుర్చీలో కూర్చునే, మెడ పక్కకు వాలి, విరిగిన చెయ్యి వైపు. కాలింద నా వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది. గోడకు వేలాడే అక్షరాల బొమ్మల కింద ముగ్గురం అలాగే ఉండిపోయాం. తర్వాత ప్రయాగ తనంతట తనే లేచి, "ప్రయాగా భానుదాస్ ఢాకణే," అంది.

"నేనింక అడగనే లేదే," అంది కాలింద.

ఇలాంటివి ఊళ్లో దాగవు. ఆశ్రుబా మోటారుసైకిల్ మీద ఇంటికే వచ్చాడు. బండి దిగకుండా ఒక కాలు నేల మీద ఆనించి మాట్లాడటం అతని అలవాటు.

"ఏం భాన్యా, ఇంట్ల కలెక్టరమ్మ తయారైతున్నదంట గద!"

ప్రయాగ పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది. చేతులు ఆగలేదు.

"చెల్లే, నీ మంచికే చెప్తున్న," అన్నాడు ఆమెతో. "ఆ నౌకరి ఎవలకియ్యాల్నో వాళ్లకు ముందే ఎరుకుంటది. పిలుసుడు ఊకె తమాషకు. మనమేమో పాత చీర ఇస్త్రి చేసుకుని పోయి, మొకం చిన్నగ చేసుకుని వస్తం. ఎందుకు చెప్పు?"

"పోయొస్తె తెలుస్తది గద అన్నా," అంది ప్రయాగ.

అతను నన్ను దగ్గరికి రమ్మని తల ఊపాడు. వెళ్లాను.

"నీది నిండు కొడవలే గద? ఫ్యాక్టరోళ్లకు నిండుదని చెప్పి వచ్చిన. నా మాట వోతది మరి."

నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం అందరికీ అలవాటే. అతను దాన్ని ఊఁ అనుకుని, బండి తన్ని, వెళ్లిపోయాడు.

ప్రయాగ రొట్టె తెచ్చి నా పళ్లెంలో వేసింది. "ఏమన్నవ్?"

"ఏమనలే."

"ఊఁ అన్నవా?"

"ఏమనలే అన్న గద."

ఆమె దంచిన మిరపకారం రొట్టె మీద పెట్టింది. "నీతోని ఇదే బాధ. నువ్వేమనకపోతే, ఎదుటోడు ఏదనుకుంటె అదే నువ్వన్నట్టు," అంది. కోపంగా అనలేదు. అలసిపోయిన గొంతుతో అంది. అది కోపం కన్నా ఎక్కువసేపు చెవిలో ఉంటుంది.

ఇంటర్వ్యూ రోజున మా అన్న బండి అడిగి తీసుకున్నాను. ప్రయాగ దీపావళికి కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుంది. చెరకాకు కోసిన గీతలు ఆమె ముంజేతుల మీద తెల్లగా మిగిలిపోయాయి. వాటికి నూనె రాసుకుంది, రాస్తే ఇంకా మెరిశాయి. కొంగుతో కప్పుకుంది. కాలింద గుమ్మం దాకా వచ్చి, చెవిలో ఏదో చెప్పింది. ప్రయాగ తల ఊపింది.

బడి వరండాలో అప్పటికే ఇద్దరున్నారు. ఒకామెది గంజి పెట్టిన చీర, ఒళ్లో ప్లాస్టిక్ ఫైలు. ఇంకొకామె వయసులో చిన్నది; చంటిదాన్ని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. తాలూకా నుంచి రావలసిన అధికారిణి ఇంకా రాలేదు. ఎండ వరండా మెట్ల మీద నుంచి మెల్లగా స్తంభాల దాకా జరిగింది. ఫైలామె అరచేతిలో రాసుకున్నది చదువుకుంటోంది. ప్రయాగ స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. కాసేపటికి అవి కూడా ఆగిపోయాయి.

ఎదురుచూసి ఎదురుచూసి చంటిపిల్ల తల్లి బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. పోతూ పోతూ నా ముందు ఆగి, "అన్నా, లోపల నన్ను పిలిస్తె పాలిచ్చెటందుకు పోయింది, వస్తదని చెప్పు," అంది. తను తిరిగి రాదని ఆమెకూ తెలుసు. సరేనన్నాను.

అధికారిణి జీపులో దిగింది. నలభై దాటిన మనిషి, చేతిలో సగం తాగిన నీళ్ల సీసా. ఆమె కూడా అలసిపోయే ఉంది. పొద్దుట్నుంచి ఇది ఎన్నో బడో. హెడ్‌మాస్టరు, బడి కమిటీ చైర్మన్ ఆమెను లోపలికి తీసుకువెళ్లారు. ముందు ఫైలామెను పిలిచారు. ఆమె జవాబులు గడగడా వినిపించాయి. బాగా చెప్పింది. చెప్పి, ఫైలు మూసిన చప్పుడు కూడా వినిపించింది. తర్వాత ప్రయాగను పిలిచారు.

ఆ గదికి వెనక ఒక కిటికీ ఉంది, ఒక రెక్క లేదు. చేతిపంపు దగ్గర నీళ్లు తాగే మనిషిలా నేను అటు వెళ్లి నిలబడ్డాను. ప్రయాగ వీపు కనిపిస్తోంది. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. కాలింద చూస్తే సంతోషించేది.

"పేరు?" అంది అధికారిణి.

ఆమె నాలుక మీద ఏ పేరుందో నాకు తెలుసు. చేతిపంపు పిడి పట్టుకున్నాను, కొట్టలేదు.

"ప్రయాగ," అంది. ఊపిరి పీల్చుకుని, "ప్రయాగా భానుదాస్ ఢాకణే," అంది.

"ఈ పని ఎందుకు కావాలి నీకు?"

"పిల్లలంటే నాకు పాణం." అక్కడ ఆపేస్తే సరిపోయేది. "నడుం గూడ నొస్తున్నది," అంది.

హెడ్‌మాస్టరు నవ్వాడు. అధికారిణి నవ్వలేదు. "నడుం నొప్పైతే పెద్ద గిన్నె ఎట్లా దించుతావమ్మా?"

"దించ మేడమ్. రెండు గిన్నెల్ల వండుత. మోసేటివి పెద్ద పిల్లలు మోస్తరు. వాళ్లు మా గుడిసెల కాడ గూడ మోస్తరు."

"రాత్రి పిల్లలు అమ్మ కోసం ఏడిస్తే ఏం చేస్తావు?"

దీనికి కాలింద మంచి జవాబు నేర్పింది. కథలు చెప్తాను, పాటలు పాడతాను అని. ప్రయాగ అది చెప్తుందనుకున్నాను.

"ఏడుస్తరు," అంది. "ఊకో అంటే ఊకోరు మేడమ్. పక్కకు పండుకోవాలె, అంతే. మా ఇద్దరు గూడ నిరుడు ఈడనే ఏడ్చిండ్రు. మా బిడ్డ చెప్పింది, ఈ గది గోడకే మొకం వెట్టుకుని ఏడ్చిందంట."

కుర్చీ ఒకటి కిర్రుమంది. చైర్మన్ ముందుకు జరిగాడు. అతన్ని నేనెరుగుదును. ఆశ్రుబాతో ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగే మనిషి.

"ఏడ్చుడు గురించి నేనడుగుత," అన్నాడు. "నిరుడు పెట్టుకున్నామె నడి సీజన్ల పోయింది. ఎందుకు పోయింది? మొగడొచ్చి తోలుకపోయిండు, కొడవలికి జోడి లేదని. ఇరవై దినాలు పిల్లలు బిస్కెట్లు తిని పండుకున్నరు. నీ మొగనిది నిండు కొడవలని ఆశ్రుబా నాతోనే అన్నడు. మరి నువ్వీడ ఎట్లుంటవ్? ఆడ సగం, ఈడ సగమా?"

ఈ ప్రశ్న కాలింద అడగలేదు. మాకెవరికీ తట్టలేదు. పేరు సరిగా చెప్పడం, కుర్చీలో సరిగా కూర్చోవడం, వీటితోనే మా పొద్దులు గడిచిపోయాయి.

ప్రయాగ చెయ్యి కుర్చీ చెయ్యిని పట్టుకుంది. ఆ మనిషి ముందు అబద్ధం చెప్పి లాభం లేదు. నిజం ఏమిటో ఆమెకు తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు కదా.

"ఆ మాట నేను జెప్తె చెల్లది," అంది చివరికి. "ఆయన్నే అడుగుండ్రి. కిటికి కాడ ఉన్నడు."

అందరూ కిటికీ వైపు చూశారు. నేను అక్కడున్నానని ఆమెకు మొదట్నుంచీ తెలుసన్నమాట.

తిరిగి ముందు గుమ్మం గుండా లోపలికి వెళ్లాను. హెడ్‌మాస్టరు కుర్చీ చూపించాడు. నా కాళ్లు వాటంతటవే మడుచుకున్నాయి. నేల మీద కూర్చున్నాను. ప్రయాగ కుర్చీలో, నేను కింద. ఆమె నా వైపు చూసింది, పైకి లేవమన్నట్టు కళ్లతో. లేవలేదు.

"మీరు ఈ సంవత్సరం కోతకు వెళ్తున్నారా?" అంది అధికారిణి.

"పోతున్న."

"ఎవరితో కలిసి?"

జవాబు నాకు తెలుసు. తెలిసి చాలా రోజులైంది. బయటికి తేవడమే బరువు. మా దగ్గర అర కొడవలి అంటే పెళ్లాం పోయినవాడు, లేకపోతే పెళ్లే కానివాడు. వాడి గుడిసె వరస చివర ఉంటుంది. నీళ్ల దగ్గర వాడి వంతు చివర వస్తుంది. వాడి రొట్టె వాడే తట్టుకుంటాడు; ఆడవాళ్లు దాని ఆకారం చూసి నవ్వుకుంటారు. ఇంట్లో పెళ్లాం బతికి ఉండగా అర అయినవాణ్ని నేను చూడలేదు. చూసి ఉంటే నేనూ నవ్వేవాణ్నే.

"అర," అన్నాను.

"ఏమిటీ?"

"ఈ యేడు నాది అర కొడవలి. ఈమె రాదు."

చైర్మన్ ఒళ్లు విరుచుకున్నాడు. "ఆశ్రుబాకు చెప్పినవా?"

"చెప్పలే."

"మరి?"

"మీకు చెప్పిన గద. పొద్దుగూకే వరకు ఆయనకు తెలుస్తది."

హెడ్‌మాస్టరు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. అధికారిణి మాత్రం దాచుకోకుండా నవ్వింది. చైర్మన్ నవ్వలేదు. అతను అడగవలసింది అడుగుతున్నాడు, అందులో తప్పు లేదు.

"ఇయ్యాల అంటవ్. రేపు ఆడ జరమొస్తె? జోడి దొరకకపోతె? వచ్చి తోలుకపోతవా?"

"జరమొస్తె పండుకుంట," అన్నాను. "తోలుకపోను."

అధికారిణి ప్రయాగ వైపు తిరిగింది. "ఏమమ్మా, ఈయన మాట మీద నిలబడే మనిషేనా?"

"అది నాకెట్ల ఎరుక మేడమ్," అంది ప్రయాగ. "ఒక్కపారి గిన్ని మాటలు మాట్లాడంగ ఇయ్యాల్నే చూస్తున్న."

మళ్లీ వరండాలోకి వచ్చాం. ఈసారి ఆమె స్తంభానికి ఆనుకోలేదు. మెట్టు మీద నా పక్కన కూర్చుంది, ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత దూరంలో. ఏమీ అడగలేదు. కొంగు కొసతో ముంజేతి నూనె తుడుచుకుంటూ కూర్చుంది. ఫైలామెను మళ్లీ లోపలికి పిలిచి ఏదో అడిగారు. "రాత్రి ఉండుడా? రాత్రి నాకు కుదరదు సార్, మా అత్తకు బాగుండదు," అన్న మాట వినిపించింది. బయటికి వచ్చి ఆమె ఎవరి వైపూ చూడకుండా చెప్పులు వేసుకుంది. ఆమెకు కూడా అవసరమే ఉండి ఉంటుంది.

హెడ్‌మాస్టరు గుమ్మంలో నిలబడ్డాడు. "ప్రయాగా ఢాకణే."

ఆమె కదలలేదు. ఎవరినో పిలుస్తున్నారనుకుంది. నేను మోచేత్తో తట్టాను. అప్పుడు లేచింది.

"నిన్నే తీసుకున్నారమ్మా. లారీలు కదిలే రోజు నుంచి రావాలి. పొద్దున్నే."

"ఆ దినం ఈయనకు రొట్టెలు కట్టాలె సార్."

"కట్టి రా. ఆ పిల్లలకు కూడా ఆ పూటే వండాలి."

ఆమె చేతులు జోడించింది. సంతోషమేదీ మొహంలో కనిపించలేదు. మోపు దించాక మెడ కొంచెంసేపు అలాగే బిగుసుకుని ఉంటుంది, దించామని దానికింకా తెలియదు. అలా ఉంది ఆమె.

దారిలో ఆమె తల నా వీపుకు ఆనింది. నిద్రపోయిందని తెలిసి బండి మెల్లగా నడిపాను. వెనకొచ్చిన వాళ్లందరూ మమ్మల్ని దాటిపోయారు. ఊరి మొదట్లో కాలింద చక్కెర పొట్లంతో నిలబడి ఉంది.

"పేరు సక్కగ చెప్పినవా?"

"చెప్పిన."

"నవ్వినవా?"

"నేను నవ్వలే. వాళ్లే నవ్విండ్రు," అంది ప్రయాగ. "నడుం ముచ్చట గూడ చెప్పిన."

"చెప్పినవా! అయినా ఇచ్చిండ్రా?" కాలింద ఆమె నోట్లో చక్కెర కుక్కి, నాకు అరచేతిలో పోసింది. "నేర్పింది ఒక్కటి చెప్పకపోయె. మరి నేనెందుకే రోజూ గొంతు చించుకున్నది?"

చైర్మన్ నా మాట నిలబెట్టాడు. పొద్దుగూకకముందే ఆశ్రుబా వచ్చాడు. ఈసారి బండి దిగాడు.

"నీకేమన్న సిగ్గున్నదా భాన్యా? పెండ్లాం ఇంట్ల గుండ్రాయి లెక్క ఉండంగ అర కొడవలంటవా? ఆడ అందరు ఏమంటరు? పెండ్లాం యెల్లగొట్టిందంటరు!"

"అననీ."

"నా మాట ఏం గావాలె? నిండుదని చెప్పి వచ్చిన."

తల వంచుకుని నిలబడ్డాను. అతను చాలాసేపు తిట్టాడు. తిట్టి తిట్టి అలసిపోయి అరుగు మీద కూర్చుంటే ప్రయాగ టీ ఇచ్చింది. తాగాడు. తాగాక, "సోపాన్ ఉన్నడు గద," అన్నాడు తనలో తను. "ముసలోడు. రెండు అరలు గలిపి ఒకటి చేస్త. ఆకు వాడు ఒలుస్తడు, మోపు నువ్వే మోసుకో."

సోపాన్ భార్య చనిపోయి చాలా కాలమైంది. చెయ్యి నెమ్మది, నోరు మాత్రం ఆగదు. సరేనన్నాను. మోపు నెత్తిన పెట్టుకుని చెక్క ఎక్కడం నేనెప్పుడూ చేయలేదు. అది ఆడవాళ్ల పని.

లారీలు కదిలే రోజు తెల్లవారక ముందే ప్రయాగ రొట్టెలు తట్టి బట్టలో మూట కట్టింది. రెండు కొడవళ్లు మూలన ఉన్నాయి. ఒకటి నా సామానులో పెట్టింది, రెండోది తన సంచిలో పెట్టుకుంది.

"అదెందుకు?"

"కట్టెలకు," అంది. "బడిల ఏముంటయ్యో, ఏముండయ్యో."

పిల్లలిద్దర్నీ, ఆమెనూ బడి దగ్గర దింపాను. అప్పటికే నలుదిక్కుల నుంచీ వచ్చిన జనంతో ఆ ఆవరణ నిండిపోయింది. పెట్టెలు, దుప్పట్లు, ఏడుపులు. ఒకామె పిల్లవాడి చేతిని విడిపించుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటింది. ప్రయాగ కొంగు నడుముకు బిగించి నేరుగా వంటగదిలోకి వెళ్లింది. మా బిడ్డ శీతల్ తమ్ముణ్ని పట్టుకుని వరండాలో నిలబడింది; ఈ యేడు దాని మొహం గోడ వైపు లేదు. నేను కాసేపు నిలబడ్డాను. వంటగది లోపలి నుంచి, "నీళ్లు తెండ్రి, ఎవరన్న పెద్ద పోరలు!" అని ఆమె గొంతు వినిపించింది. అంత గట్టిగా ఆమె మాట్లాడటం అంతకుముందు నేను వినలేదు.

లారీ దగ్గర ఆశ్రుబా పేర్లు పిలుస్తున్నాడు. నా పేరు వచ్చేసరికి గొంతు పెంచాడు.

"భానుదాస్ ఢాకణే! అర!"

పైన కూర్చున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కింద నుంచి ఎవడో, "అరేంది భానుదాస్? మిగిలిన అర ఏడ పారేసుకున్నవ్?" అన్నాడు.

"బడిల నౌకరి చేస్తున్నది," అన్నాను.

ఇంకొకరెవరో నవ్వారు, కానీ అంత గట్టిగా కాదు. సోపాన్ పై నుంచి చెయ్యి అందించాడు. "ఎక్కు, ఎక్కు. రెండు అరలు గలిస్తె ఒకటి గాదు ఆశ్రుబా, ఒకటిన్నర! నా నోరొక్కటే అర మనిషి పెట్టు!"

ఎక్కి, సామాను మూటల మీద కూర్చున్నాను. లారీ పెద్దూరి మీదుగానే పోతుంది. బడి ముందు మలుపు దగ్గర డ్రైవరు హారన్ కొట్టాడు. పైనున్న తల్లులందరూ ఒక్కసారిగా ఆ వైపుకు జరిగారు, లారీ ఒరిగినట్టయింది. ఆవరణలో పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. ప్రయాగ వంగి వడ్డిస్తోంది. ఒక పళ్లెం, ఒక అడుగు, మళ్లీ వంగడం. వరస చాలా పొడుగ్గా ఉంది.

హారన్ విని నడుం ఎత్తింది. ఎడమ చెయ్యి నడుం మీదికి పోయింది, చెరకు తోటలో పోయినట్టే. కుడి చేతిలో గరిటె ఉంది. లారీ వైపు చూసింది. ఇంత దుమ్ములో, ఇన్ని తలల మధ్య నేను ఆమెకు కనిపించానో లేదో. గరిటె కొంచెం పైకెత్తి, పో అన్నట్టు ఊపింది. మళ్లీ వంగింది.

లారీ మలుపు తిరిగింది. సోపాన్ అప్పటికే మాట్లాడటం మొదలుపెట్టాడు.